తలో చెయ్యి వేసిన రోజు

‘తలో చెయ్యి’ అనే మాట ఎలా పుట్టిందో కనిపెట్టింది నేనే. భవానీపురంలో మా పార్కు బెంచీ మీద కూర్చునే వాళ్ళలో ఎవర్ని అడిగినా ఈ సంగతి చెబుతారు. వాళ్ళకి చెప్పింది కూడా నేనే కాబట్టి. పూర్వం కృష్ణ కాలవలు తవ్వే రోజుల్లో, మట్టితట్ట నిండాక ఎంత మొనగాడైనా దాన్ని తన నెత్తికి తానే ఎత్తుకోలేకపోయేవాడు. పక్కవాడు ఒక చెయ్యి వెయ్యాల్సిందే. తల ఒకడిది, చెయ్యి ఇంకొకడిది. ఆ రెండూ కలిసి ‘తలో చెయ్యి’ అయిందని, ఈ వివరమంతా చల్లపల్లి వైపు ఒక పాత ఇంటి అటక మీద దొరికిన తాటాకుల కట్టలో ఉందని, దాన్ని నేను ఈ కళ్ళతో చదివానని చెబుతుంటాను. తాటాకుల అంచులు చెదలు తినేశాయని కూడా కలుపుతాను. చెదలు పట్టిందంటే జనం ఇట్టే నమ్ముతారు.

తాటాకులు లేవు. అటకా లేదు. ఒకనాటి ఉదయం టీ వచ్చేలోగా అల్లిన కథ అది. అసలు సంగతి చాలా చప్పగా ఉంటుంది. పప్పన్నం వడ్డించేటప్పుడు ‘తలకి ఇంత’ అంటామే, ఆ తలే ఇది. మనిషికి ఒక చెయ్యి. అంతే. ఇది చెబితే బెంచీ మీద వాళ్ళు లేచి ఇంటికి వెళ్ళిపోతారని తట్టలూ కాలవలూ తెచ్చి పెట్టాను.

ఆ మాటను నేను మొదట పట్టించుకున్నది తొంభైల్లో. ఏలూరు రోడ్డు పక్కన ఒక సందులో, మేడ మీద, ఒక ప్రచురణకర్త దగ్గర పనిచేసేవాణ్ణి. అక్కడ నేను నిఘంటువు కూర్చానని మా బంధువర్గంలో పేరుంది. ఆ పేరు ఎవరు తెచ్చారో మళ్ళీ చెప్పనక్కర్లేదు. కూర్చిన పెద్దలు వేరు. నేను ప్రూఫులు దిద్దాను. అదీ మొత్తం కాదు, మధ్యలో కొన్ని అక్షరాలు. ఆ కొన్నిట్లో ‘త’ ఉంది. ‘తలో చెయ్యి: పలువురు కూడి చేయు సాయము’ అని ఉంది ప్రూఫులో. మూలం చూపించాల్సిన చోట ఖాళీ.

“ఇక్కడేం వెయ్యమంటారండీ?” అని మా ఎడిటర్ గారిని అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి నావైపు చూశాడు. “తెలీనప్పుడు ఖాళీగా వదిలెయ్యడం మర్యాద. నువ్వు మాత్రం అక్కడ ఏదీ రాయకు నాయనా, నీకు దణ్ణం పెడతాను.”

రాయలేదు. అర్థం వరకు సరిగ్గానే ఉంది. పలువురు, కూడి, సాయము. ప్రూఫు దిద్దేవాడికి అందులో పట్టడానికి తప్పేం కనిపించదు. ఆ మాట అర్థం నేను కళ్ళారా చూసింది మాత్రం తర్వాత చాలా ఏళ్ళకి, రెండువేల దశకం చివర్లో, కృష్ణకు వరద వచ్చినప్పుడు. అందులో తట్టలూ తాటాకులూ కలపాలన్నా నాకు చేతకాదు.

మా సొంతూరు చల్లపల్లి దాటి నది ఒడ్డున ఉంటుంది. ఊరికీ నదికీ మధ్య కరకట్ట. అవతలి ఒడ్డు గుంటూరు జిల్లా, వాళ్ళకీ ఒక కరకట్ట. మధ్యలో మైలుకు పైగా నది. మామూలు రోజుల్లో అందులో సగం ఇసుకే. వరద రోజుల్లో మాత్రం ఆ రెండు కట్టల మధ్య నీళ్ళు తప్ప మరేమీ ఉండవు.

వరద వచ్చిందంటే మా ఊళ్ళో ఒక కట్టుబాటు. ఇంటికొకరు కట్ట మీదికి రావాలి. పొలం ఉన్నవాడా లేనివాడా, ఏ కులం, ఏ మతం, ఇవేవీ అడగరు. మగదిక్కు లేని ఇంటి నుంచి ఆడమనిషి వస్తుంది. ఊరు వదిలి పోయినవాడైనా సరే, ఇల్లంటూ ఊళ్ళో ఉన్నంతకాలం ఆ ఇంటి తరఫున మనిషి కనపడాల్సిందే. రానివాడి గుమ్మంలో తర్వాత పెళ్ళికి గానీ చావుకి గానీ ఎవరూ అడుగు పెట్టరు. ఊళ్ళో మా ఇంట్లో ఉండే తమ్ముడు ఆ ఏడు కామెర్లతో మంచాన పడ్డాడు. బెజవాడ నుంచి నేను బయల్దేరాల్సి వచ్చింది.

రోడ్లు తెగిపోయి, బస్సులు ఆగిపోయి, నడుంలోతు నీళ్ళలో ఈదుకుంటూ వెళ్ళానని మనవలకి చెబుతుంటాను. నడుంలోతు నీళ్ళలో ఎవరూ ఈదరని మా పెద్ద మనవరాలు కనిపెట్టేసింది. బస్సు మామూలుగానే నడిచింది. కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

నేను కట్ట ఎక్కేసరికి బాగా తెల్లవారింది. మొదట పలకరించింది గోతాల భాయ్. పాత గోనెసంచుల వ్యాపారం అతనిది. మిల్లుల దగ్గర చిరిగిన సంచులు కొని, ఇంటిల్లిపాదీ కూర్చుని కుట్టి, మళ్ళీ అమ్మేవాళ్ళు. నాకు చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరం ఒకే బడి, ఒకే బెత్తం.

“రావయ్యా పండితుడా! నువ్వొచ్చేదాకా ఆగమని వరదని బతిమాలుకుంటున్నాం,” అన్నాడు. “ఎర్ర పెన్ను తెచ్చావా? ఆ నీళ్ళ మీద ఓ గీత కొట్టి పారెయ్, మాకీ చాకిరీ తప్పుద్ది.”

“అచ్చయిపోయిందయ్యా, ఇప్పుడు దిద్దడం కుదరదు,” అన్నాను.

నవ్వాడు. చేతిలో దబ్బనం, నోట్లో పురికొస. నవ్వుతూనే అవతలి ఒడ్డుకేసి చూశాడు. అతను చూసే చోటు నాకు తెలుసు. మా ఊరికి సరిగ్గా ఎదురుగా, కొబ్బరిచెట్ల మధ్య, సున్నం వేసిన మసీదు మినారు తెల్లగా కనిపిస్తుంది. ఆ ఊళ్ళోనే అతని అక్క ఉంది. ఒక్కగానొక్క కూతుర్ని ఆ అక్క కొడుక్కే ఇచ్చాడు. అక్కకి కాళ్ళు పడిపోయి ఏళ్ళయింది. మంచం మీదే అన్నీ. ఆ మంచం పక్కనే కూతురు.

ఇక్కడొక మాట చెప్పాలి. రెండు కట్టల మధ్య పట్టనంత నీరు వచ్చినప్పుడు ఏదో ఒక కట్ట తెగుతుంది. ఒకటి తెగితే రెండోది బతుకుతుంది. ఇది ఈ ఒడ్డున పుట్టిన ప్రతివాడికీ తెలుసు, ఆ ఒడ్డున పుట్టిన ప్రతివాడికీ తెలుసు. కానీ కట్ట మీద నిలబడి ఎవరూ పైకి అనరు. “నీళ్ళు వాటి దారి అవి చూసుకుంటాయి,” అంటారు. ఆ దారి ఎటు అని ఎవరూ అడగరు.

ఆ పొద్దుట మా కట్టకి అప్పుడే బుంగలు పడుతున్నాయి. ఊరి వైపు, కట్ట అడుగున, నీళ్ళు బుడబుడమంటూ ఊరుతుంటాయి. తేటగా వచ్చినంతసేపు ఫర్వాలేదు. బురదగా వచ్చిందంటే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. అప్పుడు మట్టి బస్తాలు తెచ్చి బుంగ చుట్టూ గుండ్రంగా పేర్చాలి. నది వైపు కట్ట అంచు మీద కూడా బస్తాలు పేర్చి ఎత్తు పెంచాలి. బస్తాలు కావాలంటే సంచులు కావాలి. సంచులన్నీ భాయ్ గొడౌన్లో ఉన్నాయి.

రెండు ట్రాక్టర్ల మీద వాటిని కట్ట దగ్గరికి తెచ్చాడు. మొదటి ట్రాక్టరు దింపేశారు. రెండో దాని దగ్గర భాయ్ నిలబడిపోయాడు. దాన్ని వంతెన మీదుగా అవతలికి, కూతురి ఊరికి పంపించాలని అతని ఆలోచన. అడ్డు చెప్పినవాళ్ళు లేరు. నీటి సంఘం ప్రెసిడెంటు గారు వచ్చి, “సంచులు నీవి భాయ్. నీ ఇష్టం. నేనేం అనను,” అన్నాడు. నిజంగానే అంతకుమించి ఏమీ అనలేదు. చుట్టూ నిలబడ్డ జనం కూడా ఏమీ అనలేదు. పార మీద చెయ్యి ఆన్చి అందరూ అతని వంక చూస్తూ నిలబడ్డారు.

ఎవరో వెనక నుంచి మెల్లగా, “వాళ్ళ కట్ట మొన్న ఎండల్లోనేగా ఎత్తు చేశారు. వాళ్ళకేం భయం లేదులే,” అన్నారు.

అందరం అటు చూశాం. నిజమే, అవతలి కట్ట ఎత్తుగానే కనపడింది. మా ఒడ్డు నుంచి చూస్తే అది ఎప్పుడూ ఎత్తుగానే కనపడుతుంది. మధ్యలో అంత నీరు ఉండగా దూరాన్నుంచి దేన్ని చూసినా అంతే. గవర్నమెంటు వాళ్ళకి చేసినంత మనకి చెయ్యదని మా తాతల కాలం నుంచీ మాకొక ఫిర్యాదు కూడా ఉంది. ఆ ఫిర్యాదు ఆ పూట బాగా అక్కరకొచ్చింది.

అప్పుడు నేను ముందుకు వెళ్ళి, “ఆ బండి అటు పోవాల్సిందే,” అని గట్టిగా అన్నానని రాస్తే ఈ పేజీకి కాస్త పరువు దక్కుతుంది. నేను ఫోను పట్టుకున్నాను. భాయ్ రెండు చేతుల్లోనూ పురికొస ఉందని, అతని సెల్లు తీసి, కూతురికి కలిపి, చెవి దగ్గర పెట్టింది నేను. చవక ఫోను. అవతలి గొంతు పక్కవాళ్ళకి కూడా వినపడుతుంది.

“అమ్మా, మీ కట్ట ఎట్టా ఉంది?”

“బానే ఉందంట అబ్బా. ఆయన కట్ట మీదికే పోయారు. ఇక్కడ కూడా ఇంటికొకరు పోయారు. మీ దగ్గరేంటి?”

“బుంగలు పడతన్నయ్యి.”

“అయితే నువ్వక్కడే ఉండు. మా గురించి బెంగ పెట్టుకోమాక. మీది ఆగితే చాలు.”

“ఫుప్పూ తిన్నదా?” అబ్బా అంటే నాన్న, ఫుప్పూ అంటే మేనత్త. అత్తగారిని ఆ పిల్ల పెళ్ళయ్యాక కూడా అట్లాగే పిలిచేది.

“తిన్నది. నిన్ను తిడతంది, పండక్కి రాలేదని.”

భాయ్ తల ఊపాడు, ఆ పిల్లకి కనపడుతుందన్నట్టు. నేను ఫోను తీసేశాను. సంచుల సంగతి అతను కూతురితో అనలేదు. కాసేపు రెండో ట్రాక్టరు కేసి చూసి, “ఇది కూడా ఇక్కడే దింపండి,” అన్నాడు.

“అట్టాగే. తలో చెయ్యి వెయ్యండ్రా!” అని కేకేశాడు ప్రెసిడెంటు గారు. ఎంత ఊపిరి బిగబట్టుకుని ఉన్నారో గానీ, జనమంతా ఒక్కసారిగా ట్రాక్టరు మీద పడ్డారు. రెప్పపాటులో బండి ఖాళీ.

ఆ రోజు పనిని నేను ఎన్నిసార్లు చెప్పినా బుంగలోకి దిగి భుజం అడ్డుపెట్టానని చెబుతాను. దిగలేదు. యాభై దాటిన మనిషిని, పెన్ను తప్ప బరువు మొయ్యనివాణ్ణి, నన్ను దింపితే బుంగకే ప్రమాదం. భాయ్ పక్కన కూర్చుని బస్తాల మూతులు కుట్టాను. అతను నాలుగు కుట్టేలోగా నేనొకటి. పురికొస కోసుకుని వేళ్ళు మండుతున్నాయి. కింద మట్టి తవ్వేవాళ్ళు, నింపేవాళ్ళు, మాకు అందించేవాళ్ళు. మా దగ్గర్నుంచి కట్ట పొడుగునా ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి బస్తాలు పోతున్నాయి. జీవితంలో ఎన్నడూ ఒకరి గడప ఒకరు తొక్కనివాళ్ళు పక్కపక్కన నిలబడ్డారు. కోర్టులో దావా నడుస్తున్న అన్నదమ్ములు ఒక బస్తాని చెరో కొస పట్టుకున్నారు. మొగుడు పోయిన ఒక రైతు ఇల్లాలు, చీర కుచ్చెళ్ళు దోపుకుని, మా వరసలో నిలబడి మగాళ్ళని తొందరపెడుతోంది.

“ఏంది బాబాయ్, పెళ్ళిలో తాంబూలం అందిస్తన్నావా? కాస్త విసురుగా పట్టు!”

“పట్టుకోవడానికి నడుమేదమ్మాయ్!”

“నడుం రేపు వెతుక్కుందువులే, ముందు బస్తా ఇవ్వు!”

నవ్వుకున్నాం కూడా. దాచడం ఎందుకు, ఆ పని బాగుంది. అంతమంది ఒకే పని చేస్తుంటే వంట్లో ఏదో బలం వస్తుంది. ఆ బలం మనది కాదని తెలిసినా బాగుంటుంది. పులిహోర పొట్లాలు వచ్చాయి. మజ్జిగ బిందెలు వచ్చాయి. వంతెన మీద రాకపోకలు ఆపేశారని కూడా కబురొచ్చింది. భాయ్ ఆ మాట విని ఒక కుట్టు ఆపాడు. మళ్ళీ కుట్టాడు.

నీటి మట్టం తెలియడానికి నది వైపు ఒక సరుగుడు కర్ర పాతి, దానికి ఎర్ర గుడ్డ కట్టారు. అది భాయ్ కూర్చున్న చోటికి దగ్గర. మధ్యాహ్నానికి నీళ్ళు గుడ్డని సగం తడిపేశాయి. విజయవాడ బ్యారేజీ నుంచి వదిలే నీరు ఇంకా పెరుగుతోందని ఎవరో ఫోన్లో విని చెప్పారు. ప్రెసిడెంటు గారు ఆడవాళ్ళని, పిల్లల్ని ఊళ్ళోకి వెళ్ళి సామాన్లు సర్దుకోమన్నాడు. ఎవరూ కదల్లేదు.

పొద్దు కాస్త వాలిందనగా భాయ్ పురికొస ఉండ కోసం వంగాడు. వంగినవాడు అట్లాగే ఆగి, కర్ర వైపు చూశాడు. గుడ్డ పూర్తిగా బయట ఉంది. గుడ్డ కింద తడిసిన కర్ర మెరుస్తోంది.

ఒక్క గెంతున లేచాడు. “తగ్గింది! తగ్గిందిరోయ్! జానెడు తగ్గింది! రండి, చూసుకోండి!”

అరవయ్యేళ్ళకి దగ్గరపడ్డ మనిషి, దబ్బనం ఉన్న చెయ్యి పైకెత్తి ఎగురుతున్నాడు. కట్టంతా గోలెత్తిపోయింది. తువ్వాళ్ళు గాల్లోకి లేచాయి. ఈలలు వేశారు. ఆ కోర్టు అన్నదమ్ములు కౌగిలించుకున్నారు. నేనూ అరిచాను. ఇందులో ఎక్కువ చేసి చెప్పేదేమీ లేదు, గొంతు బొంగురుపోయేలా అరిచాను.

ప్రెసిడెంటు గారు పరుగెత్తుకొచ్చి కర్రని చూశాడు. నవ్వబోయాడు. సగంలో ఆగి భాయ్ మొహం చూశాడు.

పైనుంచి వచ్చే నీరు తగ్గలేదు. మరి జానెడు నీరు ఉన్నట్టుండి ఎక్కడికి పోతుంది? ఆ ఒడ్డున పుట్టినవాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. దగ్గరున్నవాళ్ళ అరుపులు ముందు ఆగాయి. కాస్త దూరంలో ఉన్నవాళ్ళు ఏమైందోనని ఇటు చూసి ఆగారు. కట్ట చివర ఉన్నవాళ్ళకి తెలియక ఇంకా చాలాసేపు ఈలలు వేస్తూనే ఉన్నారు. ఇటు మాట లేదు, అటు నుంచి ఈలలు.

భాయ్ చెయ్యి ఇంకా పైనే ఉంది. మినారు కేసి చూస్తున్నాడు. మినారు ఉన్నచోటే ఉంది, తెల్లగా.

నేను ఫోను కలిపాను. మళ్ళీ కలిపాను. స్విచ్ ఆఫ్ అని ఆడగొంతు చెబుతోంది.

“పైనెక్కడో తెగుండుద్ది భాయ్,” అన్నాడు ప్రెసిడెంటు గారు. “మనకెదురుగానే అని ఏముంది? దేవుడున్నాడు.”

“రెండు కట్టలకీ ఆయనొక్కడేగా ప్రెసిడెంటు గారూ,” అని భాయ్ కూర్చున్నాడు. ముందున్న బస్తాకి సగం మూతే కుట్టి ఉంది. మిగతా సగం కుట్టాడు. ముడి వేశాడు. పురికొస పళ్ళతో కొరికాడు. అందుకోవడానికి వరసలో ఎవరూ చెయ్యి చాచలేదు. ఆ బస్తా అక్కడే ఉండిపోయింది.

“ఇంకా చూస్తారేంటయ్యా, ఆయన్ని వంతెన దగ్గరికి తీసుకెళ్ళండి!” అని ఆ రైతు ఇల్లాలు అరిస్తే గానీ మాకు తోచలేదు.

వంతెన దగ్గర పోలీసులతో నేను పోట్లాడి దారి ఇప్పించానని భాయ్ కుటుంబంలో ఇప్పటికీ అనుకుంటారు. నేను కాదనలేదు. ఇప్పుడంటున్నాను. వాళ్ళు అందర్నీ వదిలినప్పుడే మమ్మల్నీ వదిలారు, మర్నాడు పొద్దెక్కాక.

అవతలి కట్ట మీద జనం పరదాలు కట్టుకుని కూర్చున్నారు. గేదెలు, మంచాలు, గ్యాసు బండలు, అన్నీ కట్ట మీదే. ఊరి వైపు ఇళ్ళ కప్పులు మాత్రం కనపడుతున్నాయి. ఆ కట్ట మీద నడుస్తూ మా ఒడ్డుకేసి చూశాను. మా కట్ట ఎంత ఎత్తుగా ఉందో!

కూతురు కనపడింది. అల్లుడు కూడా కనపడ్డాడు. వాళ్ళిద్దరి మధ్య నేల మీద, దుప్పటి కప్పి, భాయ్ అక్క.

ఆ పిల్ల ఏడవడం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని తండ్రికి పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

“కట్ట తెగిందని అరుచుకుంటా పోయారు అబ్బా. ఫుప్పూని మంచంతో ఎత్తితే పైకి తెచ్చెయ్యొచ్చు. ఒక పక్క నేను పట్టుకున్నా. రెండో పక్కకి మనిషి లేడు. వీధిలోకెళ్ళి కేకలేశా. ఇంటికొకరు చొప్పున మోసేవాళ్ళందరూ తెగిన కాడే ఉన్నారు, మిగతావాళ్ళు అప్పటికే పిల్లల్నేసుకుని కట్టెక్కేశారు. ఆయనా అక్కడే. వీపున వేసుకుని గుమ్మం దాకా వచ్చా. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నయ్యి అనుకున్నా, అంతలోకే నడుం దాకా వచ్చినయ్యి. జారిపోయింది. చెయ్యి పట్టుకునే ఉన్నా అబ్బా. వదల్లేదు. పట్టుకునే ఉన్నా.”

భాయ్ ఆ పిల్ల పక్కన కూర్చున్నాడు.

కాసేపటికి ఆ పిల్ల, “మీది ఆగిందా?” అని అడిగింది.

“ఆగిందమ్మా.”

“పోనీలే,” అంది. మనస్ఫూర్తిగానే అంది. పుట్టిన ఊరు మరి.

వాళ్ళ ఖబరస్తాన్ నీళ్ళలో ఉంది. పాతిపెట్టడానికి ఆ చుట్టుపక్కల పొడినేల అంటూ లేదు. ఒక వ్యాను మాట్లాడి ఆమెను మా ఊరు తీసుకొచ్చాం, మా ఊరి పొడినేలకి. వ్యాను మా కట్ట మీదుగా వస్తోంది. కట్ట వారన, కుట్టిన మట్టి బస్తాలు వరసలు వరసలుగా పేర్చి ఉన్నాయి. వాటి పక్కన ఖాళీ సంచుల మోపులు, విప్పనైనా విప్పలేదు. నీరు తగ్గిపోయాక వాటితో ఎవరికీ పని పడలేదు.

ఆ పిల్ల కిటికీలోంచి చూసింది. తల తిప్పి మళ్ళీ చూసింది. ఆ సంచులు కుడుతూ పెరిగిన పిల్ల, ఎవరి కుట్టో చెప్పక్కర్లేదు.

“ఇన్ని మిగిలినయ్యా అబ్బా?”

“మిగిలినయ్యమ్మా.”

మరింకేమీ అడగలేదు. ఎందుకడగలేదో నాకు తెలియదు. ఇలాంటి చోట ఏదో ఒకటి అల్లడం నాకు అలవాటు, కానీ అల్లబుద్ధి కావడం లేదు.

ఖబరస్తాన్‌కి ఊరంతా వచ్చింది. ఎవరూ పిలవలేదు, ఇంటికొకరు చొప్పున వచ్చారు. సమాధి తవ్వడానికి పారలు తెచ్చుకున్నారు, నిన్నటి మట్టి ఇంకా ఎండని పారలు. జనాజా పాడె భుజం మారుతూ మారుతూ వెళ్ళింది. ప్రెసిడెంటు గారు మోశాడు, దావా అన్నదమ్ములు మోశారు, నేనూ కొంతదూరం మోశాను. చాలా దూరం మోశానని రాయబోయి ఆగాను. అందరూ మూడేసి గుప్పెళ్ళు మట్టి వేశారు. అంతమంది చేతులుంటే పని ఎంతలో అవుతుంది? తొందరగానే అయిపోయింది. భాయ్ అందరికీ దణ్ణం పెట్టాడు.

ఇంటికొచ్చాక ఆ పిల్లే అంది, “ఆ మిగిలినయ్యి అక్కడికి పంపించు. గండి ఇంకా పూడ్చలేదు.”

ఊరంతా ఆ సంచులతో కలిసి అవతలికి కదిలిందని రాయాలని ఎంతో ఉంది. మా కట్టుబాటు మా కట్ట వరకే. వంతెన దాటి వెళ్ళాలని అందులో ఎక్కడా లేదు. ట్రాక్టరుకి డీజిలు పోయించి ఇచ్చారు. వెళ్ళింది మాత్రం భాయ్, కూతురు, అల్లుడు, డ్రైవరు, నేను. ఆ రైతు ఇల్లాలు వచ్చింది. ఆమెను ఎవరూ రమ్మనలేదు.

గండి దగ్గర నది ఊళ్ళోకి నడిచి వెళ్ళినట్టుంది. కట్ట కోసుకుపోయిన అంచున మనుషులు వరసగా నిలబడి చేతికందినవన్నీ అందులో వేస్తున్నారు. తలుపు చెక్కలు, తాటిదుంగలు, రాళ్ళు. ట్రాక్టరుని చూసి ఒకాయన మా దగ్గరికి వచ్చాడు. నా వయసే ఉంటుంది, ఒంటినిండా బురద. మేం ఎవరమో అడగకుండానే సంచుల మోపు దింపడానికి చేతులు చాచాడు. భాయ్ మోపు అందిస్తున్నాడు.

“ఏ ఊరండీ మీది?”

“ఎదురూరండి,” అన్నాడు భాయ్.

ఆయన చేతులు మోపు కింద ఆగిపోయాయి. నది మీదుగా మా కట్ట కేసి చూశాడు. మళ్ళీ భాయ్ కేసి చూశాడు. ఆయన గొంతులో కోపం లేదు, వాన ఎప్పుడు పడిందని అడిగినట్టు అడిగాడు.

“నీళ్ళు తగ్గినప్పుడు అరిచారా?”

నేను ఏదో ఒకటి చెప్పి దాటేద్దామనుకున్నాను. అలాంటివి నాకు ఇట్టే తోస్తాయి. పక్కన కూతురు నిలబడి ఉంది.

“అరిచామండి,” అన్నాడు భాయ్. “అందరికంటే ముందు అరిచింది నేనే.”

ఆ పిల్ల తండ్రి మొహంలోకి చూసింది. ఆ బురద మనిషి ఆగిన చేతులు మళ్ళీ చాచాడు.

“ఇవ్వండి,” అన్నాడు. మోపు భుజాన వేసుకుని గండి వైపు వెళ్ళిపోయాడు.

కూతురు ట్రాక్టరు ఎక్కింది. రెండో మోపు తనే ఎత్తి, తండ్రి చేతులు దాటించి, వెనకున్న మనిషికి అందించింది.